నాయనమ్మకు మా కొత్త చిరునామా

మేము అక్కాతమ్ముళ్ళం. ఒకరం తొమ్మిదో తరగతి, ఇంకొకరం ఆరో తరగతి. ఇది ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని, పోట్లాడుకుంటూ రాసిన వ్యాసం. అందుకే ఇందులో ఎక్కడా ‘నేను’ అని రాయలేదు.

మా నాన్నగారు మొక్కజొన్న మీద పరిశోధన చేసే శాస్త్రవేత్త. కేంద్ర ప్రభుత్వ కొలువు. ఇంతమాత్రం చెబితే చాలు, మిగతాది మీకు తెలుసు. ఢిల్లీలో పుట్టి, బీహారులోని బేగుసరాయ్‌లో ఓనమాలు దిద్ది, ఇప్పుడు పంజాబులోని లూధియానాలో చదువుకుంటున్నాం. “మీది ఏ ఊరు?” అని ఎవరైనా అడిగితే మేము ఒకరి మొహం ఒకరం చూసుకుంటాం. మీలో చాలామందీ అంతే కదా!

మా బడిలో హిందీ, ఇంగ్లీషు, సంస్కృతం చెబుతారు. మాకు తెలుగు రాయడం నేర్పింది మా నాయనమ్మ. తెనాలి దగ్గర పల్లెటూరు ఆమెది. ఏటా నాలుగైదు నెలలు మా దగ్గరకొచ్చి ఉండేది. పళ్ళెంలో బియ్యం పోసి, వేలు పట్టుకుని దిద్దించేది. ‘ఱ’ ఎప్పుడు వాడాలని మేం అడిగితే, “మీకెందుకర్రా, అది పెద్దవాళ్ళ అక్షరం” అని తప్పించుకునేది.

ఆమె దగ్గర ఒక నీలం అట్ట నోటుపుస్తకం ఉండేది. మేం ఇల్లు మారినప్పుడల్లా పాత చిరునామా మీద ఒక గీత కొట్టి, కింద కొత్తది తన చేత్తో రాసుకునేది. క్వార్టరు నంబరు, బ్లాకు, పిన్‌కోడు చెబితే ఆమెకు తృప్తి ఉండేది కాదు. “అంకెలతో ఇల్లు దొరకదు, గుర్తులు చెప్పండి” అనేది. అందుకే ఆ పుస్తకంలో ‘గేటు పక్కన వేపచెట్టు’, ‘ఎదురింటి వాళ్ళది ఆకుపచ్చ తలుపు’, ‘మెట్ల దగ్గర విరిగిన కుళాయి’ లాంటివన్నీ ఉంటాయి.

2024 ఫిబ్రవరిలో ఒక ఆదివారం సాయంత్రం ఆమె ఫోను చేసింది. అంతకుముందు నెలలోనే మేము లూధియానాలో అద్దె ఇల్లు వదిలి క్వార్టరుకు మారాం. “కొత్త ఇంటి గుర్తులు చెప్పండర్రా, రాసుకుంటాను” అంది. మాకు వార్షిక పరీక్షలు దగ్గరపడ్డాయి. “పరీక్షలయ్యాక చెబుతాం నాయనమ్మా” అన్నాం. ఒకరం అని, ఇంకొకరం అనలేదని కాదు. ఇద్దరం అన్నాం. ఆమె “సరే, బాగా చదువుకోండి” అంది.

ఆ తరువాత ఎనిమిది రోజులకు ఆమె నిద్రలోనే పోయింది. నాన్నగారు ఒక్కరే వెళ్ళారు. పరీక్షలని మమ్మల్నీ, మా కోసం అమ్మనూ ఆపేశారు. కార్యక్రమాలన్నీ అయ్యాక ఆయన నోటుపుస్తకం తీసుకొచ్చారు. ఆయన ఇంట్లో లేనప్పుడు తెరిచి చూశాం. ఆఖరి పేజీలో ‘లూధియానా, కొత్త ఇల్లు’ అని రాసి, కింద గీత గీసి ఉంది. ఆ గీత కింద ఏమీ లేదు.

ఈ సంగతి మేము ఎవరికీ చెప్పలేదు. మాలో మేము కూడా మాట్లాడుకోలేదు.

ఇక మెక్సికో సంగతి. ఆ ఏడు సెప్టెంబరులో నాన్నగారిని మూడు నెలల శిక్షణకు మెక్సికో పంపారు. రాజధాని మెక్సికో నగరానికి దగ్గరలో టెస్కోకో అనే ఊరుంది. ఆ ఊరి పక్కనే మొక్కజొన్న, గోధుమల మీద పనిచేసే అంతర్జాతీయ పరిశోధనా కేంద్రం ఉంది. 1966లో పెట్టారు. మన దేశంలో హరిత విప్లవం తెచ్చిన పొట్టి గోధుమ రకాలకు మూలం మెక్సికోలో నార్మన్ బోర్లాగ్ చేసిన పరిశోధనే. లూధియానాలో ఉండే మాకు ఆ పేరు కొత్త కాదు.

ఎల్టీసీ విదేశాలకు వర్తించదు. అయినా అమ్మ తన రికరింగ్ డిపాజిట్ తీసేసి, “మళ్ళీ ఎప్పుడు చూస్తాం!” అని టిక్కెట్లు కొంది. మాకు రెండు వారాల సెలవు దొరికింది. తిరిగొచ్చాక నోట్సులన్నీ రాసి చూపించాలని షరతు. అక్టోబరు ఆఖరి వారంలో బయలుదేరాం. ఆ ఏడు మాకు పండగలు లేవు. ఇంట్లో పెద్దావిడ పోయింది కాబట్టి ఏడాది దాకా పండగలు చేసుకోకూడదు. “దీపావళికి ఇంట్లో ముడుచుకుని కూర్చునే బదులు మీ నాన్నగారి దగ్గర ఉందాం” అని కూడా అమ్మ అంది.

నాన్నగారు ఒక ఇంట్లో మేడ మీద వాటా అద్దెకు తీసుకున్నారు. కింద ఇంటావిడ ఉంటుంది. అందరూ ఆమెను ‘సెన్యోరా’ అనేవారు. అంటే అమ్మగారు అన్నట్టు. వయసు డెబ్భై దాటింది. కాలేజీలో చదివే మనవరాలు ఆమెతో ఉంటుంది. ఆ అమ్మాయికి ఇంగ్లీషు వచ్చు. నాన్నగారికి కొంచెం స్పానిషు అబ్బింది. ఈ ఇద్దరి సాయంతో మా మాటలు అటూ ఇటూ నడిచాయి.

మేము వెళ్ళిన మర్నాడే సెన్యోరా అమ్మను, మమ్మల్ని సంతకు తీసుకువెళ్ళింది. మూల తిరగగానే అమ్మ గట్టిగా “బంతిపూలు!” అని అరిచింది. మేమూ నిలబడిపోయాం. బళ్ళ మీద, నేల మీద, మనుషుల వీపుల మీద, ఎక్కడ చూసినా బంతిపూలే. దసరాకి గుమ్మానికి కట్టే ముద్దబంతి, అచ్చం అదే రంగు, అదే వాసన. వాళ్ళు దాన్ని ‘సెంపాసూచిల్’ అంటారు. అక్కడి పాత భాష నావాట్ల్‌లో ‘ఇరవై పువ్వు’ అని అర్థమట. ఒక్క పువ్వులో బోలెడు రేకులు కదా, అందుకు.

“మా ఊరి పువ్వు మీ దాకా ఎలా వచ్చింది?” అని అమ్మ ముచ్చటగా అడిగింది. ఆ సాయంత్రం నాన్నగారు నవ్వి అసలు సంగతి చెప్పారు. ప్రయాణం ఇటు నుంచి అటు కాదు, అటు నుంచి ఇటు. బంతి మొక్క పుట్టిల్లు మెక్సికోనే. పోర్చుగీసు ఓడల కాలంలో మన దేశానికి చేరింది. మిరపకాయ, జామకాయ కూడా అలాగే అమెరికా ఖండం నుంచి వచ్చినవే. మొక్కజొన్న అయితే సుమారు 9,000 ఏళ్ళ కిందట దక్షిణ మెక్సికోలో ‘టియోసింటే’ అనే గడ్డి నుంచి రైతులు తయారుచేసుకున్న పంట. “ఇవన్నీ మనకన్నా ముందే బదిలీ అయి వచ్చి మన ఊళ్ళో స్థిరపడ్డాయి” అన్నారు. మిరపకాయ లేకుండా గుంటూరును ఊహించుకోవడానికి మాకు ఆ రాత్రి చాలాసేపు పట్టింది.

ఆ పూలన్నీ ‘దియా దె ముయెర్తోస్’ పండగ కోసం. అంటే చనిపోయినవారి రోజు. నవంబరు 1 చనిపోయిన పిల్లల కోసం, 2 పెద్దల కోసం. ఆ రోజుల్లో వాళ్ళు ఇంటికి చుట్టపుచూపుగా వస్తారని నమ్మకం. 1521లో స్పెయిన్ వాళ్ళు మెక్సికోను జయించక ముందే అక్కడి నావా ప్రజలు చనిపోయినవారికి నెలల తరబడి పూజలు చేసేవారు. తరువాత అవి క్రైస్తవుల పండగ రోజులతో కలిసిపోయాయి. 2008లో యునెస్కో ఈ పండగను మానవజాతి వారసత్వాల జాబితాలో చేర్చింది.

మాకు ముందు తెలిసిందల్లా 2017లో వచ్చిన ‘కోకో’ సినిమా ఒక్కటే. పుర్రెబొమ్మలా మొహానికి రంగులు వేయించుకోవాలని, బోలెడు ఫోటోలు దిగాలని అనుకున్నాం. నవంబరు 2 సాయంత్రం మెక్సికో నగరంలో పెద్ద ఊరేగింపు ఉంటుందని తెలిసి ఎగిరి గంతేశాం. ఆ ఊరేగింపు పాత ఆచారం కాదట. 2015లో వచ్చిన ఒక జేమ్స్‌బాండ్ సినిమాలో అలాంటిది చూపించారు. అది చూసి 2016 నుంచి నగరం వాళ్ళు నిజంగానే చేయడం మొదలుపెట్టారు. సినిమా ముందు, పండగ తరువాత!

ఒకరోజు రాజధానికి వెళ్ళి ‘కత్రీనా’ను కూడా చూశాం. పూల టోపీ పెట్టుకున్న అస్థిపంజరం దొరసాని ఆమె. హొసే గ్వాదలూపె పొసాద అనే చిత్రకారుడు 1910 ప్రాంతాల్లో ఆమెను గీశాడు. గొప్పలకు పోయేవాళ్ళను ఎగతాళి చేయడానికి గీసిన బొమ్మ అది. డియేగో రివేరా 1947లో పెద్ద గోడచిత్రం గీసి, మధ్యలో ఆమెను నిలబెట్టాడు. ఆమె చెయ్యి పట్టుకుని ఒక చిన్నపిల్లవాడు నిలబడి ఉంటాడు. ఆ పిల్లవాడు రివేరాయే! చావు చెయ్యి పట్టుకుని ఇంత నిమ్మళంగా ఎలా నిలబడ్డాడా అని మేము అక్కడే చాలాసేపు ఉండిపోయాం.

అక్టోబరు 31 దీపావళి. పండగ లేదు కాబట్టి కొత్త బట్టలూ లేవు, మతాబులూ లేవు. చీకటిపడగానే అమ్మ మేడ మెట్ల మీద ఒక్క దీపం పెట్టింది. కింద నుంచి సెన్యోరా చూసి, ఎందుకని అడిగింది. అమ్మ చెప్పింది: “దీపావళి రాత్రి మా ఊళ్ళో పిల్లల చేత గోగు కాడలకు నూనెగుడ్డలు చుట్టి దివిటీలు వెలిగిస్తారు. పై లోకాలకు వెళ్ళే మా పెద్దవాళ్ళకు దారి కనిపించడానికి అని మా అత్తగారు చెప్పేవారు.”

ఈ మాట మేము మొదటిసారి విన్నాం. బేగుసరాయ్‌లో ఉన్నప్పుడు నాయనమ్మ మా చేత గోగు కాడలు దొరక్క చీపురుపుల్లలకు గుడ్డ చుట్టి తిప్పించింది. అది ఆట అనుకున్నాం. తరువాత కాళ్ళు కడుక్కుని మిఠాయి తిన్నాం. అంతే గుర్తుంది.

మనవరాలు ఆ మాటలు స్పానిషులో చెప్పగానే సెన్యోరా ఏమీ అనలేదు. మా చెయ్యి పట్టుకుని ముందుగదిలోకి తీసుకువెళ్ళింది. అక్కడ బల్లల మీద బల్లలు పేర్చి, తెల్లగుడ్డ పరిచి ఉంది. దాన్ని ‘ఒఫ్రెండా’ అంటారు. పైన ఫోటోలు. కింద కొవ్వొత్తులు, చక్కెరతో చేసిన చిన్న పుర్రెలు, ఎముకల ఆకారం అద్దిన తియ్య రొట్టె. వెనక జల్లెడలా కత్తిరించిన రంగు కాగితాల తోరణం. ఒక గ్లాసు నీళ్ళు, ఎందుకంటే దూరం నుంచి వచ్చేవాళ్ళకు దాహం వేస్తుంది. ఒక గిన్నెలో ఉప్పు. ‘కోపల్’ అనే బంక నిప్పుల మీద వేస్తే మన సాంబ్రాణిలా పొగ వచ్చింది. ఒఫ్రెండా నుంచి గుమ్మం దాటి వీధి దాకా బంతి రేకులు దారిలా చల్లి ఉన్నాయి. ఆ రంగూ, ఆ వాసనా పట్టుకుని వాళ్ళు ఇల్లు చేరుకుంటారట.

సెన్యోరా ఒక్కో ఫోటో చూపించింది. అమ్మానాన్నలు, భర్త. చివరన మీసాలు రాని ఒక కుర్రవాడు, ఆమె తమ్ముడు. పని కోసం సరిహద్దు దాటి ఉత్తరానికి, అమెరికాకు వెళ్ళాడు. అక్కడే పోయాడు. తీసుకురావడానికి డబ్బు లేక అక్కడే పూడ్చారు. అతను వెళ్ళేనాటికి వీళ్ళు వేరే రాష్ట్రంలో, కొండ ఊళ్ళో ఉండేవారు. ఆ తరువాత సెన్యోరా మూడు ఇళ్ళు మారింది.

మా గుండెలు దడదడలాడాయి. ఇద్దరికీ ఒకే ప్రశ్న వచ్చింది. అడగడానికి మాత్రం ఇద్దరికీ ధైర్యం చాలలేదు. చివరికి మాలో చిన్నవాడు అడిగేశాడు. “మరి ఆయనకు ఈ ఇల్లు ఎలా తెలుస్తుంది?”

మనవరాలు తర్జుమా చేసింది. సెన్యోరా నవ్వలేదు. చాలా మామూలు విషయం చెప్పినట్టు చెప్పింది: “ఇల్లు మారిన ఏడు పూలదారి ఎక్కువ దూరం వేస్తాను. వీధి చివరి మలుపు దాకా. మొదటి ఏడు వాళ్ళకు కొత్త కదా. మరుసటి ఏటి నుంచి గుమ్మం దాకా వేస్తే చాలు.”

అప్పుడు మాకు ఏడుపొచ్చేసింది. అందరి ముందూ. నోటుపుస్తకం సంగతి, ఫోను సంగతి, ఖాళీగా ఉన్న గీత సంగతి మొత్తం చెప్పేశాం. అమ్మ మమ్మల్ని దగ్గరకు తీసుకుంది. నాన్నగారు గుమ్మం దగ్గరే నిలబడిపోయారు. చాలాసేపటికి, “ఆ పేజీ నేనూ చూశాను” అన్నారు. “నేనూ చెప్పలేదు. వారం వారం మాట్లాడుతూనే ఉన్నాను. క్వార్టరు వచ్చింది అన్నానే కానీ గుర్తులు చెప్పలేదు.”

సెన్యోరాకు ఎవరూ తర్జుమా చేయలేదు. అయినా ఆమె పైవరుసలో ఫోటోలు కొంచెం పక్కకు జరిపి, చోటు చేసింది. “ఫోటో ఉందా?” అని చేత్తో చూపించింది.

అమ్మ కొంచెం సందేహించింది. “మన పద్ధతి కాదేమో. పైగా మాసికాలు ఊళ్ళో బావగారు పెడుతూనే ఉన్నారు కదా” అంది. నాన్నగారు, “నీళ్ళు, పూలు, దీపం. ఇందులో మన పద్ధతి కానిదేముంది?” అన్నారు. అమ్మ ఫోనులో ఒక ఫోటో దొరికింది. బేగుసరాయ్ క్వార్టరు గేటు దగ్గర మా ఇద్దరి భుజాల మీద చేతులు వేసి నిలబడింది నాయనమ్మ. మర్నాడు పొద్దున్నే సంతలో ఒక దుకాణంలో దాన్ని కాగితం మీద తీయించాం.

“ఆమెకు ఏమేం ఇష్టమో అవి పెట్టాలి” అని మనవరాలు చెప్పింది. ఇక్కడే మా ఇద్దరికీ గొడవ మొదలైంది. ఒకరం సున్నుండలు అన్నాం. ఇంకొకరం జంతికలు అన్నాం. కాసేపటికి ఇద్దరం ఆగిపోయాం. అవి ఆమె మాకు చేసిపెట్టినవి. ఆమె తినగా మేమెప్పుడూ చూడలేదు. పదేళ్ళు ఆమె చేతివంట తిన్నాం కానీ, ఆమెకేది ఇష్టమో మాకు తెలియదు.

వెళ్ళి నాన్నగారిని అడిగాం. ఆయన ఆలోచించకుండానే చెప్పారు: “దోర జామకాయ. ఉప్పూ కారం అద్దుకుని.”

మాకు నమ్మశక్యం కాలేదు. మా వాటా జామకాయ మాకిచ్చి, ఆమె వాటా కూడా మాకే ఇచ్చేసేది. ఆమెకు జామకాయ ఇష్టం లేదనే అనుకున్నాం.

“పళ్ళు ఊడిపోయాయిరా. కొరకలేకపోయేది. అందుకని మీకిచ్చి, మీరు కొరుకుతుంటే చూస్తూ కూర్చునేది. మా చిన్నప్పుడైతే పెరట్లో చెట్టు కింద నిలబడి, మాకన్నా ముందు దోరకాయ ఏదో కనిపెట్టి కోసేసేది. మీ పెదనాన్నా నేనూ ఆమెతో పోటీపడలేకపోయేవాళ్ళం.” నాయనమ్మ పోయాక నాన్నగారు ఆమె గురించి అంతసేపు మాట్లాడటం అదే మొదటిసారి. మాట్లాడుతూ మాట్లాడుతూ నవ్వారు కూడా.

టెస్కోకో సంతలో జామకాయలు కుప్పలుగా ఉన్నాయి. అది వాటి కాలం. ఒఫ్రెండాల మీద వాళ్ళూ జామకాయలు పెడతారు. పైగా అక్కడివాళ్ళు మామిడిముక్కల మీద, దోసకాయ ముక్కల మీద ఉప్పు, కారం చల్లి, నిమ్మకాయ పిండి తింటారు. సెన్యోరాకు మేం ఉప్పూ కారం ఎందుకడుగుతున్నామో వివరించే పనే లేకపోయింది. తనే ఒక సాసరులో కలిపి ఇచ్చింది. నాయనమ్మ ఫోటో ముందు నాలుగు జామకాయలు, ఆ సాసరు, ఒక గ్లాసు కాఫీ పెట్టాం. జామకాయలను అమ్మ సన్నని ముక్కలుగా కోసింది. “కొరకలేరు కదా” అంది.

అదే రోజు, అంటే నవంబరు 1 సాయంత్రం, మనవరాలితో కలిసి శ్మశానం చూడటానికి వెళ్ళాం. శ్మశానం అంటే మాకు భయం. మా ఊళ్ళో పిల్లల్ని ఆ దరిదాపులకు రానివ్వరు. అక్కడ మాత్రం పిల్లలు ఆడుకుంటున్నారు. సమాధులు కడిగి, రంగులు వేసి, పూలు పరుస్తున్నారు. ఒక మూల వాద్యాలవాళ్ళు పాటలు వాయిస్తున్నారు. మాకు హుషారు వచ్చి ఫోను తీశాం. ఒక సమాధి మీద రంగురంగుల గాలిపంకాలు, చిన్న లారీ బొమ్మ, చాక్లెట్లు ఉన్నాయి. బాగుందని ఫోటో తీయబోయాం. అప్పుడు చూశాం. ఆ సమాధి చాలా పొట్టిది. పక్కన ఒకావిడ కూర్చుని, ఆ లారీ చక్రాలకు అంటిన మట్టిని కొంగు లాంటి గుడ్డతో తుడుస్తోంది.

ఫోను జేబులో పెట్టేశాం. మనవరాలు నెమ్మదిగా చెప్పింది: “అడిగితే చాలామంది తీసుకోమంటారు. కాని అడగాలి.” ఆవిడ మా వైపు చూసి, రెండు చాక్లెట్లు తీసి ఇచ్చింది. తీసుకోవాలో వద్దో తెలియలేదు. తీసుకున్నాం. ఆ రోజు మొహానికి రంగులు వేయించుకోవాలన్న మాట మాలో ఎవరూ ఎత్తలేదు.

మర్నాడు నవంబరు 2. సాయంత్రం రాజధానిలో ఊరేగింపు. వెళ్ళాలంటే మధ్యాహ్నమే బయలుదేరాలి. అదే సమయానికి సెన్యోరా తన భర్త సమాధి దగ్గరకు వెళుతోంది, మమ్మల్నీ రమ్మంది. నాన్నగారు నిర్ణయం మాకే వదిలేశారు. నిజం చెప్పాలంటే ఊరేగింపు వదులుకోవడం మాకు చాలా కష్టమైంది. ఒకరం అలిగి అరగంట మాట్లాడలేదు కూడా. ఎవరమో రాయము. చివరికి సెన్యోరాతోనే వెళ్ళాం.

ఆ ఊరు ఎత్తు మీద ఉంది, నవంబరు రాత్రులు చలి. శాలువలు కప్పుకుని కూర్చున్నాం. వందల కొవ్వొత్తులు వెలుగుతుంటే శ్మశానమంతా కార్తీక పౌర్ణమినాటి గుడి ఆవరణలా ఉంది. సెన్యోరా మొక్కజొన్న పొరల్లో చుట్టి ఆవిరి మీద ఉడికించిన ‘తమాలె’లు తెచ్చింది. మన పొట్టిక్కబుట్టలు పనసాకుల్లో ఉడికినట్టు ఇవి మొక్కజొన్న పొరల్లో ఉడుకుతాయి. మాంసం లేనివి మాకోసం వేరే కట్టింది. తన భర్త గురించి చెబుతూ ఆమె చాలా నవ్వింది. ఆయన నాట్యం చేస్తే కాళ్ళు తొక్కేవాడట. మధ్యలో ఒకసారి మాట ఆపేసి కళ్ళు తుడుచుకుంది. మళ్ళీ మొదలుపెట్టింది. ఎవరూ “ఏడవకు” అనలేదు. ఎవరూ “నవ్వకు” అని కూడా అనలేదు.

రాత్రి ఎనిమిదికి నాన్నగారు ఊరికి ఫోను చేశారు. అక్కడ తెల్లవారి ఏడున్నర. పెదనాన్న పెరట్లో ఉన్నారు. నాన్నగారు జామచెట్టు సంగతి అడిగారు. “కాపు బాగుంది. కోసేవాళ్ళే లేరు” అన్నారు పెదనాన్న. తరువాత ఇద్దరూ చాలాసేపు చిన్నప్పటి సంగతులు చెప్పుకున్నారు. మేము పక్కన కూర్చుని విన్నాం. నాయనమ్మ మాకు తెలియని మనిషిగా, చెట్టెక్కగలిగిన మనిషిగా, ఆ రాత్రి మాకు మొదటిసారి పరిచయమైంది.

ఇంటికి తిరిగి వచ్చేసరికి వీధి మలుపు దగ్గర నుంచే బంతి రేకులు కనిపించాయి. పొద్దున గుమ్మం దగ్గరే ఆగిన దారి అది. మేము ఆగి చూశాం. “మీ నాయనమ్మకు ఈ ఇల్లు కొత్త కదా!” అంది సెన్యోరా. మేము బయలుదేరే హడావిడిలో ఉన్నప్పుడు మనవరాలు వేసిందట.

మేము లూధియానా వచ్చేసి ఏడాది దాటింది. ఆ శీతాకాలంలోనే ఒక ఆదివారం మా నలుగురం కూర్చుని, నీలం నోటుపుస్తకంలో గీత కింద రాశాం. నాన్నగారు క్వార్టరు నంబరు చెప్పారు, మేము గుర్తులు చెప్పుకున్నాం. ‘గేటు దగ్గర పాల బూతు. మెట్ల పక్క గోడ మీద ఎవరో గీసిన విమానం. మా కిటికీకి నీలం పరదా.’ రాత మాదే కానీ, అక్షరాలు ఆమె నేర్పినవే. తప్పులు ఉంటే క్షమిస్తుంది.

ఆమె సంవత్సరీకానికి అందరం ఊరు వెళ్ళాం. పెరట్లో చెట్టుకు కాయలున్నాయి. దోరకాయ ఏదో మాకు తెలియలేదు. పెదనాన్న చూపించారు.

మిత్రులారా, మన ఇళ్ళు ప్రభుత్వానివి. మూడేళ్ళకో, నాలుగేళ్ళకో తాళం ఇచ్చేసి వస్తాం. గోడల మీద మేకులు కూడా పీకి అప్పగించాలి. మన తాతలు, నాయనమ్మలు, అమ్మమ్మలు ఎక్కడో ఒకేచోట ఉండి, మన చిరునామాలు మార్చుకుంటూ ఉంటారు. వాళ్ళు అడిగినప్పుడు చెప్పండి. పరీక్ష ఉన్నా చెప్పండి. రెండు నిమిషాలు పడుతుంది, మేము లెక్కపెట్టాం. అలాగే వాళ్ళకు ఏం తినడం ఇష్టమో ఒకసారి అడగండి. చేసిపెట్టినవి కాదు, ఇష్టమైనవి.

నాన్నగారికి మళ్ళీ బదిలీ ఉత్తర్వులు వచ్చాయి. ఈ సంచిక మీ చేతికి అందేసరికి మేము ఈ బడిలో ఉండం. కొత్త ఊళ్ళో క్వార్టరు ఇంకా ఖరారు కాలేదు. సామాను పెట్టెల్లో సర్దుతున్నాం కానీ, నీలం నోటుపుస్తకం, గుప్పెడు బంతి విత్తనాలు మాత్రం చేతిసంచిలోనే పెట్టుకున్నాం. ఆ విత్తనాలు ఈ క్వార్టరు ముందు మేము వేసిన మొక్కలవే. పుస్తకంలో కొత్త పేజీ తీసి, పైన ఊరి పేరు రాసి, కింద గీత గీశాం. వెళ్ళగానే ముందు గుర్తులు చూసుకోవాలి.